జన్యుమార్పిడి ఆహారం: లేబుల్ పుట్టుకను బట్టా, పరీక్షను బట్టా?

జన్యుమార్పిడి సోయా గింజల నుంచి తీసిన నూనె సీసా చేతిలో ఉందనుకోండి. బాగా శుద్ధి చేశాక అందులో డీఎన్ఏ పరీక్షకు చిక్కదు. మరి జన్యుమార్పిడి అన్న మాట లేబుల్ మీద ఉండాలా?

యూరప్: ఉండాలి. గింజ పుట్టుకే లెక్క.
అమెరికా 2022లో తప్పనిసరి చేసిన పద్ధతి: డీఎన్ఏ దొరక్కపోతే అక్కర్లేదు.

అనుకోకుండా కలిస్తే, ఒక్కో దినుసులో యూరప్‌ 0.9 శాతం దాకా ఊరుకుంటుంది, అమెరికా 5 శాతం దాకా.

శ్రమ: పుట్టుక పద్ధతిలో సరుకు చేతులు మారిన ప్రతిచోటా వివరాలు రాసివ్వాలి, 5 ఏళ్లు దాచాలి. పరీక్ష పద్ధతిలో ఈ బరువు తక్కువ.

మోసం: నూనె విషయంలో ప్రయోగశాల ఏమీ తేల్చలేదు కాబట్టి, పుట్టుక లేబుల్ కాగితాల నిజాయితీ మీదే నిలబడాలి. ఇది చిన్న లోపం కాదు.

భద్రత సంగతి వేరు. మామూలు పంటల కంటే ఇవి ఎక్కువ ప్రమాదమనడానికి ఆధారం దొరకలేదని 2016లో అమెరికా శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీస్ నివేదిక చెప్పింది. అలాగని కళ్లు మూసుకోలేం. బ్రెజిల్ నట్ అనే గింజ జన్యువు పెట్టిన సోయాలోకి దాని అలర్జీ కారకం కూడా వచ్చిందని 1996లో బయటపడింది. ఆ సోయా మార్కెట్‌కు రాలేదు. దాన్ని ఆపింది లేబుల్ కాదు, ముందస్తు పరీక్ష.

జన్యుమార్పిడి దాణా తిన్న పశువుల పాలు, మాంసానికి మాత్రం రెండుచోట్లా లేబుల్ లేదు.

పంట ఎలా పండిందో తెలియాలనుకునేవారికి పుట్టుక లేబులే సరైనది. నా ఓటూ దానికే. తినే ముద్దలో ఏముందో తెలిస్తే చాలనుకునేవారికి పరీక్ష లేబుల్ సరిపోతుంది.