గండికోట, బెలుం గుహలు: రాయి, నీరు, బస

గండికోటనూ బెలుం గుహలనూ కలిపి చూడదలచినవారికి నా సలహా ఒకటే: రాత్రి బస గండికోటలో పెట్టుకోవాలి, బెలుంకు మరునాడు పొద్దున్నే చేరాలి. రెంటి మధ్య దూరం సుమారు 60 కిలోమీటర్లే అయినా, రాళ్లు వేరు, వాటితో నీరు చేసిన పని కూడా వేరు.

గండికోట వద్ద ఎర్రమల కొండలను కోసుకుని పెన్నానది పారుతుంది. ఇక్కడి రాయి క్వార్ట్‌జైట్. అంటే ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడినది. నీటికి అది సులువుగా కరగదు కనుక, పగుళ్ల వెంట దిమ్మలు దిమ్మలుగా విరిగి పడుతూ లోయ గోడలను నిట్టనిలువుగా నిలిపింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలాస్తరానికి ఊరి పేరే పెట్టి గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. లోయలో నీరు ఎంత కనిపిస్తుందన్నది వానలతో పాటు మైలవరం, గండికోట జలాశయాల నిర్వహణను బట్టి కూడా ఉంటుంది. మేము నిలుచున్న అంచున కటకటాలేవీ లేవు. పిల్లలతో వెళ్లేవారు వారి చెయ్యి వదలకూడదు.

బస విషయానికొస్తే, పర్యాటక శాఖ వారి హరిత హోటల్ కోటకు దగ్గర; గది ముందే ఖాయం చేసుకోవడం మంచిది. మేము దిగిన ప్రైవేటు గుడారాలు మాత్రం అడిగిన సొమ్ముకు తగినట్టు లేవు: అన్నింటికీ కలిపి ఒకే మరుగుదొడ్డి, అర్ధరాత్రి దాటినా ఆగని పాటల హోరు.

బెలుంకు వెళ్లే కొలిమిగుండ్ల దారిలో పక్కన పేర్చిన నాపరాళ్లు, దూరాన సిమెంటు కర్మాగారాలు కనిపించాయంటే సున్నపురాయి నేలలోకి వచ్చినట్టే. గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు బలహీనమైన ఆమ్లంగా మారి, పగుళ్లలోకి దిగి, ఈ రాయిని లక్షల ఏళ్లపాటు కరిగించగా బెలుం గుహలు ఏర్పడ్డాయి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని ప్రస్తావించగా, 1982–83లో గెబావర్ నాయకత్వంలోని జర్మన్ గుహాన్వేషకుల బృందం వివరంగా సర్వే చేసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు కిలోమీటరున్నర మేర సందర్శకులు నడవవచ్చు. నేలమట్టం నుండి 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగలో చిన్న నీటిపాయ రాతిలోకి దిగి కనుమరుగవుతుంది. గుహను తొలిచిన పని ఇంకా ముగియలేదని అక్కడే అర్థమవుతుంది.

ఏర్పాట్లలో బెలుందే పైచేయి. దారి పొడవునా దీపాలు, మెట్లు, బయటి గాలిని లోపలికి పంపే గొట్టాలు ఉన్నాయి. అయినా ఉక్క తప్పదు. పలుచని నూలు బట్టలు, పట్టున్న చెప్పులు వేసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పాతాళగంగ మెట్లు దిగకుండా గుహలోని కోటిలింగాలు అనే చోట పైకప్పు నుండి వేలాడే సున్నపు ఊడలు చూసి వెనుదిరిగితే సరిపోతుంది. రైలెక్కవలసినవారికి తాడిపత్రి స్టేషను అక్కడి నుండి సుమారు 30 కిలోమీటర్లు.