బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి: అయాన్ పరీక్షా, ఐసోటోప్ పరీక్షా?

అంతర్వేది వైపు కొన్ని బోర్ల నీళ్లు గుక్క వేస్తేనే తెలిసిపోతాయి, ఉప్పన. ఆ ఉప్పులో సగం క్లోరైడ్ అయాన్, అంటే ఒక ఎలక్ట్రాన్ ఎక్కువై విద్యుదావేశం వచ్చిన క్లోరిన్ పరమాణువు: ప్రోటాన్లు 17, ఎలక్ట్రాన్లు 18.

అయాన్ పరీక్ష: చవక, సీసాడు నీళ్లు చాలు. క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. వేరే దిక్కు లేకపోతే 1000 దాకా. ఆ ఉప్పు ఎక్కడిదో మాత్రం చెప్పదు.

ఐసోటోప్ పరీక్ష: నీటిలోని ఆక్సిజన్‌లో ప్రోటాన్లు ఎప్పుడూ 8, న్యూట్రాన్లు మాత్రం 8, 9 లేదా 10. ఈ రకాలే ఐసోటోపులు; న్యూట్రాన్లు ఎక్కువైతే బరువెక్కువ. నీరు ఆవిరయ్యేకొద్దీ బరువైన ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. సముద్రం చొచ్చుకొచ్చిందా, చెరువులో ఎండి చిక్కబడిన నీరు ఇంకిందా అన్న ఆచూకీ అక్కడే. ఖర్చెక్కువ, ల్యాబ్ దూరం. సీసా మూత వదులైతే లెక్క తప్పు.

తాగొచ్చా అన్నదే ప్రశ్నయితే మొదటిది. ఊళ్లో బోర్లన్నీ వరసగా ఉప్పెక్కుతుంటే రెండూ కలిపి. ఒక్క ఇంటి కోసం ఐసోటోపులా? నేనైతే చేయించను.