సంతపేట మూలికల కొట్టు: అటికమామిడి అడిగితే అటికమామిడే ఇచ్చారు

నెల్లూరులో ఎం.ఫార్మసీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి పునర్నవ, అంటే అటికమామిడి వేర్లు రెండు కిలోలు కావాల్సొచ్చి ముందు వేరే కొట్లో కొన్నాను. అక్కడ పునర్నవ అనగానే ఇంకో మాట అడక్కుండా పొట్లం కట్టిచ్చారు, తీరా బాటనీ సార్‌కి చూపిస్తే అది గలిజేరు అనే వేరే మొక్క. రెండు వారాలు పోయాయి, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

తర్వాత సంతపేటలో ఈ చిన్న కొట్టుకి వెళ్లాను. పెద్దాయన మొదటి మాటే, "అటికమామిడి కావాలా అమ్మా, గలిజేరా? రెండిట్నీ పునర్నవనే అమ్ముతారు." పొద్దున వచ్చిన పచ్చి మొక్క ఒకటి తెచ్చి కాయలు నా చున్నీకి ఆనించారు. పల్లేరులా గుచ్చుకోలేదు, జిగురుతో అంటుకుపోయాయి. గలిజేరుకైతే ఇలా అంటుకోవు, ఆకు దళసరిగా ఉంటుందన్నారు. ఈసారి సార్ చూసి సరే అన్నారు, హెర్బేరియం షీట్ (రుజువుగా మొక్కని ఎండబెట్టి అంటించే కాగితం) కూడా ఆ మొక్కతోనే చేశాం.

ఇంత పట్టింపు ఎందుకంటే ఈ వేర్లు వాపు తగ్గిస్తాయా అని మేం పరీక్షించేది ఎలుకల మీద. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, గుంపుకి ఆరేసి విస్టార్ అనే ల్యాబ్ రకం ఎలుకలకి వేర్ల నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ నోట్లో పట్టి, గంట తర్వాత వెనక పాదంలో వాపు తెప్పించే క్యారజీనన్ 1 శాతం ద్రావణం 0.1 మి.లీ. ఎక్కిస్తాం. పాదం వాస్తుంది. చీలమండ దగ్గర మార్కర్‌తో గీసిన గీత దాకా ప్లెథిస్మోమీటర్‌లో (పాదం పరిమాణం కొలిచే పరికరం) ముంచి గంటగంటకీ వాపు కొలిచి, వాపు తగ్గించే మందు డైక్లోఫెనాక్ ఇచ్చిన గుంపుతో పోలుస్తాం. మొదట్లో వచ్చే వాపుకి ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాలు కారణం, మూడో గంట నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే ఇంకో రకం రసాయనాలు, అందుకే ఏ గంటలో వాపు తగ్గిందో చూస్తే ఎక్స్‌ట్రాక్ట్ దేని మీద పనిచేస్తోందో కొంత తెలుస్తుంది. వేరు తప్పయితే ఈ లెక్కంతా ఇంకో మొక్కది, ఆ ఎలుకలు పడ్డ బాధంతా ఊరికే పోతుంది. నాకు అదే మనసొప్పదు.

లోపాలూ ఉన్నాయి. వేర్లకి మట్టి బాగా పట్టి ఉంది, కడిగి నీడన ఆరబెట్టాక తూకం తగ్గింది. ఎక్కడ, ఎప్పుడు తవ్వారో సంచి మీద రాయరు, అడిగితే పొదలకూరు వైపు చేలగట్ల మీదని నోటిమాటగా చెప్పారు. రేటు కొంచెం ఎక్కువే, అయినా ఇవ్వొచ్చు.

నేనున్నప్పుడే ఒకావిడ మోకాళ్ల వాపుకి ఇవే వేర్లు అడిగితే, ముందు డాక్టర్‌కి చూపించుకోమని పెద్దాయన పంపేశారు. అది నాకు బాగా నచ్చింది, ఎలుక పాదంలో కొన్ని గంటల వాపు వేరు, మనిషికి ఏళ్ల తరబడి ఉండే మోకాలి నొప్పి వేరు.

ప్రాజెక్టుకి కొనేవాళ్లు ముందు వంద గ్రాములే తీసుకుని మీ బాటనీ సార్‌కి చూపించండి, బిల్లు మీద అటికమామిడి అని రాయించుకోండి, అడిగితే రాసిస్తారు.