విండ్ వేనా, ఆటోపైలటా? విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఏది మేలు?

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి అధికారిక పేరు శ్రీ విజయపురం) సుమారు 1,200 కిలోమీటర్లు. చిన్న తెరచాప యాట్‌లో, గాలి అనుకూలిస్తే ఐదారు రోజులు. ఉన్న ఇద్దరే వంతులేసుకుని రాత్రింబవళ్లు చుక్కాని పట్టుకోవడం అయ్యే పని కాదు. మరి చుక్కాని ఎవరికి అప్పగించాలి: గాలితో నడిచే విండ్ వేన్‌కా, బ్యాటరీతో నడిచే ఆటోపైలట్‌కా?

ఆటోపైలట్ సుఖమే. బటన్ నొక్కితే కంపాస్ చూసుకుని చెప్పిన దిక్కుకే పోతుంది. చిక్కంతా కరెంటు దగ్గరే. సగటున 3 ఆంపియర్లు లాగినా రోజుకు 72 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది కాబట్టి ఒక్క రోజుకూ చాలదు. నైరుతి మబ్బు పట్టిందంటే సోలార్ ప్యానెల్‌ను నమ్ముకోలేం. అలలు పెరిగాయా, మోటారు ఇంకా ఎక్కువ తాగుతుంది.

విండ్ వేన్‌కు కరెంటే అక్కర్లేదు. పడవ వెనక నిలబెట్టిన పలుచని పలక గాలికి అంచు పెట్టి నిటారుగా ఉంటుంది. పడవ దారి తప్పితే గాలి పలకకు అడ్డంగా తగిలి దాన్ని వాలుస్తుంది. ఆ వాలుతో నీళ్లలోని తెడ్డు కొంచెం మెలితిరుగుతుంది. పారే నీరు తెడ్డును పక్కకు తోస్తే, దానికి కట్టిన తాళ్లు చుక్కానిని లాగుతాయి. బలమంతా నీటిదే కాబట్టి వేగం పెరిగేకొద్దీ పట్టూ పెరుగుతుంది.

ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే తెరచాప పడవల పోటీ, ఎలక్ట్రానిక్ ఆటోపైలట్ నిషిద్ధమైన 2022 గోల్డెన్ గ్లోబ్ రేసులో రెండో స్థానంలో నిలిచిన మన నేవీ మాజీ అధికారి అభిలాష్ టోమీ, విండ్ వేన్ దెబ్బతింటే టాయిలెట్ తలుపు కోసి భాగం చేసుకున్నారు. సర్క్యూట్ బోర్డు కాలిపోతే ఏ తలుపు కోస్తాం?

విండ్ వేన్ ధర మాత్రం లక్షల్లో ఉంటుంది. గాలి తిరిగితే పడవా చడీచప్పుడు లేకుండా తిరిగిపోతుంది, అందుకే కంపాస్ మీద కన్నుండాలి. విశాఖ తీరంలోని డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించినంత మేర తెల్లవారి నేలగాలి, మధ్యాహ్నం సముద్రగాలి, మధ్యలో చేపల బోట్ల వలలు. అక్కడ చేత్తో నడపడమే మేలు. చుక్కాని బరువెక్కితే ముందు తెరచాప కుదించండి, వేన్‌ను తర్వాత తిట్టొచ్చు.

నా ఓటు విండ్ వేన్‌కే, తోడుగా ఓ చిన్న టిల్లర్ పైలట్‌తో (చుక్కాని పిడిని అటూ ఇటూ తోసే బుల్లి ఆటోపైలట్). గాలి పడిపోయి ఇంజిన్ వేసినప్పుడు పలక తీసేసి, ఆ పైలట్‌ను వేన్‌కే తగిలించొచ్చు. అది పలకలా అటూ ఇటూ కదిపితే చాలు, చుక్కాని లాగే బరువు తెడ్డే మోస్తుంది. కరెంటూ కొంచెమే పడుతుంది.