మెకానిక్ పోస్టుకు పనితనం పరీక్ష: పేపర్, రెడీమేడ్ బెంచ్, సొంత సెట్ – మూడింటి మీద రివ్యూ

బేరింగ్ ఎలా ఎక్కిస్తారని ఇంటర్వ్యూలో అడిగితే దాదాపు అందరూ సరిగ్గానే చెప్తారు. అదే మనిషి చేతికి స్లీవ్ (బేరింగ్ మీద ఆనించి కొట్టే గొట్టం), సుత్తి ఇస్తే అసలు సంగతి రెండు నిమిషాల్లో బయటపడుతుంది. మెయింటెనెన్స్ మెకానిక్‌ని, ఫిట్టర్‌ని ఉద్యోగంలోకి తీసుకునే ముందు పనితనం చూడటానికి మూడు దారులున్నాయి. ఒకటి బొమ్మల ప్రశ్నలుండే పేపర్ పరీక్ష. రెండోది చక్రాల ఫ్రేమ్ మీద బిగించి అమ్మే రెడీమేడ్ టెస్ట్ బెంచ్. మూడోది వర్క్‌షాప్‌లో ఉన్న సామానుతోనే కూర్చుకునే సొంత సెట్. అనుభవమున్నవాళ్లని తీసుకునేటప్పుడు మా ఓటు మూడోదానికే. కాకపోతే సరిగ్గా నడపకపోతే మూడింటిలోకీ అధ్వానంగా తయారయ్యేది కూడా అదే.

పేపర్ పరీక్షల్లో పాతది, పేరున్నది బెన్నెట్ మెకానికల్ కాంప్రహెన్షన్ టెస్ట్. 1940ల నుంచి వాడుకలో ఉంది. పాత ఎస్, టి ఫారాల్లో 68 ప్రశ్నలకు 30 నిమిషాలిచ్చేవారు. రెండో కూర్పులో 55 ప్రశ్నలకు 25 నిమిషాలు. ఈ గేరు ఇటు తిరిగితే ఆ గేరు ఎటు తిరుగుతుంది, రెండు కప్పీల్లో దేనితో బరువు తేలిగ్గా లేస్తుంది, ఏ గొట్టంలో నీటి వేగం ఎక్కువ – ఈ తరహా ప్రశ్నలు. వీసెన్ టెస్ట్‌లో 60 ప్రశ్నలు, 30 నిమిషాలు. అందులో బొమ్మలు ఇళ్లలో రోజూ కనిపించే వస్తువులవి కాబట్టి ఫ్యాక్టరీ మొహం చూడనివాళ్లు కూడా బెదరరు. ట్రైనీలని, అప్రెంటిస్‌లని ఎంచుకోవడానికి ఇవి బాగానే పనికొస్తాయి. నేర్పితే నేర్చుకోగలడా అన్నది తెలుస్తుంది. స్పానర్ పట్టుకోవడం వచ్చా అన్నది మాత్రం తెలియదు. పైగా గేర్లు, కప్పీల ప్రశ్నలు కొన్నాళ్లు ప్రాక్టీస్ చేస్తే మార్కులు పెరుగుతాయి. ఈ రకం పరీక్షల్లో మహిళల సగటు మార్కులు పురుషుల కన్నా తక్కువ వస్తాయన్నది ఎప్పటినుంచో తెలిసిన విషయమే. అందుకని కటాఫ్ మార్కు ఇంతే ఎందుకు పెట్టారని అడిగితే, ఆ పోస్టులో చేసే పనిని చూపించి జవాబు చెప్పగలగాలి.

రెడీమేడ్ బెంచ్ చూడముచ్చటగా ఉంటుంది. మోటారు, కప్లింగ్ (రెండు షాఫ్ట్‌లని కలిపేది), వి-బెల్ట్, చిన్న గేర్‌బాక్స్, న్యూమాటిక్ (గాలి ఒత్తిడితో నడిచే) బోర్డు అన్నీ ఒకే ఫ్రేమ్ మీద, పెయింట్ మెరుస్తూ ఉంటాయి. ఇబ్బంది కూడా ఆ మెరుపుతోనే. తుప్పు పట్టిన బోల్టు ఉండదు, చెయ్యి దూరని ఇరుకు ఉండదు, పాత గ్రీజు జిడ్డు ఉండదు. లోపాలు పెట్టడానికి పక్కన స్విచ్‌ల పెట్టె ఉన్న మోడళ్లైతే మరీ తేలిపోతాయి. ఆ పెట్టె వైపు ఓ కన్నేసి ఉంచిన మనిషికి సగం జవాబు దొరికినట్టే. కొనేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి: అరిగే భాగాలు మార్కెట్లో దొరికే స్టాండర్డ్ సైజులేనా, లేక తయారీదారు దగ్గరే తెప్పించుకోవాలా. రెండో రకమైతే వద్దు. శిక్షణ తరగతులకి ఈ బెంచ్ ఓకే. ఎంపిక కోసమే అయితే పెట్టిన డబ్బుకి గిట్టుబాటు కాదు.

ఇక సొంత సెట్. గంటన్నరలో అయిదు చిన్న పనులు చేయించవచ్చు. అన్నిటికన్నా చవకది, ఎక్కువ చెప్పేది కొలత పని. కచ్చితంగా 19.98 మి.మీ. వ్యాసమున్న షాఫ్ట్ ముక్క, 0–25 మి.మీ. మైక్రోమీటర్ చాలు. మైక్రోమీటర్‌ని ముందే సర్ది, పూర్తిగా మూసినప్పుడు సున్నాకి బదులు 0.03 చూపించేలా పెట్టాలి. ఇప్పుడు అభ్యర్థి రాసే అంకే అతని పద్ధతిని చెప్పేస్తుంది. 19.98 రాస్తే ముందు జీరో చూసుకుని, తేడా తీసేశాడని. 20.01 రాస్తే కొలవడం వచ్చు, జీరో చూసే అలవాటు లేదు. 20.04 రాస్తే జీరో ఎర్రర్ కనిపెట్టాడు కానీ తీసేయాల్సింది కలిపాడు. 20.51 గానీ 19.51 గానీ రాస్తే మైక్రోమీటర్ స్లీవ్ (గీతలుండే కదలని గొట్టం) మీద అర మిల్లీమీటరు గీత తప్పు చదివాడు. 20.01 కన్నా 0.01, 0.02 తక్కువగా ఉండి ఏ లెక్కకీ అందకపోతే, ర్యాచెట్ (బిగింపు సరిపోగానే జారే చివరి పిడి) వదిలేసి థింబుల్‌ని (తిప్పే గొట్టాన్ని) చేత్తో గట్టిగా బిగించాడేమో ఆ సమయంలో చూసి ఉండాలి. అన్నట్టు, చేతి వేడికి షాఫ్ట్ వ్యాకోచించింది అని వాదించేవాళ్లు తగులుతుంటారు. 20 మి.మీ. ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది దాదాపు 0.002 మి.మీ. మాత్రమే.

రెండోది బేరింగ్. 6205 తీసుకుంటే మంచిది: లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మి.మీ., ఎక్కడైనా దొరుకుతుంది. షాఫ్ట్‌ని కె6 ఫిట్‌కి, అంటే 25.002 నుంచి 25.015 మి.మీ. మధ్య తిప్పించాలి. చూడాల్సినవి: షాఫ్ట్ తుడిచి, బర్ర్ (అంచున లేచిన లోహపు ముల్లు) ఉందేమో వేలితో తడిమాడా, కాస్త నూనె రాశాడా, స్లీవ్‌ని లోపలి రింగు మీదే ఆనించాడా, వంకరగా మొదలైతే ఆపి సరిచేశాడా, షోల్డర్‌కి (షాఫ్ట్ మీది మెట్టుకి) ఆనేదాకా ఎక్కిందో లేదో 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు చూసే పలచని రేకు) పెట్టి చూశాడా. చెవి ఉన్న మెకానిక్ సుత్తి చప్పుడు మారగానే ఆగిపోతాడు, అది కూడా రాసుకోవాలి. బయటి రింగు మీద కొడితే దెబ్బంతా బాల్స్ గుండా రేస్‌వే (బాల్స్ దొర్లే గాడి) మీద పడి గుంటలవుతాయి. ఆ బేరింగ్ చేత్తో తిప్పితే బాగానే తిరిగినట్టుంటుంది, మెషీన్‌లో కొద్దికాలానికే అరుస్తుంది. ఇలా కొట్టినవాళ్లకి ఈ పనిలో సున్నా, మిగతా ఎంత శుభ్రంగా చేసినా సరే.

బోల్టుల పని తేలిక: ఎనిమిది బోల్టుల ఫ్లాంజ్, ఎం10, 8.8 గ్రేడ్, 45 న్యూటన్ మీటర్లు. ఎదురెదురుగా 15, 30, 45 చొప్పున మూడు విడతలు, ఆఖర్న వరసగా ఒక చుట్టు. టార్క్ రెంచ్ క్లిక్‌మన్నాక ఇంకోసారి లాగేవాళ్లని, దాంతోనే బోల్టు ఊడదీసేవాళ్లని గుర్తుపెట్టుకుంటే చాలు.

అలైన్‌మెంట్ పని, అంటే మోటారు షాఫ్ట్‌నీ అది తిప్పే షాఫ్ట్‌నీ ఒకే వరసలోకి తేవడం, సీనియర్ పోస్టులకే పెట్టండి, దీనికొక్కదానికే నలభై నిమిషాలు పడుతుంది. మోటారు ఒక కాలి కింద 0.20 మి.మీ. షిమ్ (ఎత్తు సరిచేసే పలచని రేకు) ముందే తీసేసి ఉంచాలి. తెలిసినవాడు డయల్ గేజ్ పెట్టి ఒక్కో బోల్టు వదులు చేస్తూ కాలు ఎంత లేస్తుందో చూస్తాడు. 0.05 దాటితే ముందు దాని సంగతి తేలుస్తాడు. తెలియనివాడు నేరుగా కప్లింగ్ మీదకి వెళ్తాడు. బిగించిన ప్రతిసారీ రీడింగ్ మారిపోతుంటే గేజ్ మీద అనుమానపడతాడు. ఇంకో మాట కూడా అడగాలి: ఒక చుట్టులో డయల్ మొత్తం 0.24 కదిలితే షాఫ్ట్ మధ్యరేఖల తేడా ఎంత? జవాబు 0.12, డయల్ రెట్టింపు చూపిస్తుంది కాబట్టి. ఇక్కడ తడబడినవాళ్లు షిమ్‌లు కూడా రెట్టింపు వేస్తారు.

అయిదోది లోపం పట్టుకోవడం. ఇదొక్కటే పెట్టగలిగినా ఇదే పెట్టమంటాం. ఒక న్యూమాటిక్ సిలిండర్, 5/2 వాల్వ్ (అయిదు దారులు, రెండు స్థితులున్నది), రెండు ఫ్లో కంట్రోళ్లు (గాలి వేగం తగ్గించే మరలు), గాలి 3 బార్ ఉంటే చాలు. సిలిండర్ ముందుకి మామూలుగా పోతుంది, వెనక్కి నత్తనడక నడుస్తుంది. లోపాలు రెండు పెట్టాలి: వెనక్కి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే వైపు ఫ్లో కంట్రోల్ బాగా బిగించి ఉంటుంది, అదే గాలి పోయే ఎగ్జాస్ట్ సైలెన్సర్ మూసుకుపోయి ఉంటుంది. మొదటిది సరిచేస్తే కొంచెం మెరుగవుతుంది, పూర్తిగా బాగవదు. అక్కడే మనుషులు రెండుగా చీలిపోతారు. కొందరు బాగైపోయిందని చేతులు దులుపుకుంటారు. కొందరు ముందుకీ వెనక్కీ వేగం పోల్చి చూసి, గాలి ఇంకెక్కడో ఆగుతోందని వెతుకుతారు. వాల్వ్, సిలిండర్, సీల్ అంటూ వరసపెట్టి మార్చుకుంటూ పోయేవాళ్లు చివరికి బాగుచేసినా మార్కులు తక్కువే వేయాలి, ఆ స్పేర్ల బిల్లు రేపు కట్టేది మీరే. అభ్యర్థి ప్రశ్నలు అడిగితే ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసి ఉంచండి: ఎప్పటినుంచి ఇలా ఉంది, ఈ మధ్య ఏమైనా మార్చారా, ప్రెషర్ ఎంత ఉంటుంది. లేకపోతే ఒకరికి ఎక్కువ సమాచారం, ఒకరికి తక్కువ అందుతుంది. అసలేమీ అడగకుండా పని మొదలెట్టాడన్నది కూడా నమోదు కావాలి.

గాలి మూసి, గేజ్ సున్నాకి దిగిందని చూడకుండా ట్యూబ్ పీకబోతే పరీక్ష అక్కడితో ఆపేయాలి. మోటారు పనిలోనూ అంతే: తాళం వేయడం, ట్యాగ్ కట్టడం, స్టార్ట్ బటన్ నొక్కి తిరగట్లేదని చూడటం, ఈ మూడింటిలో ఒక్కటి వదిలినా అభ్యర్థి అవుట్. అభ్యర్థి ఇంకా మీ ఉద్యోగి కాదు, దెబ్బ తగిలితే తలనొప్పి రెండింతలు. అందుకని మోటారుకి నిజంగా కరెంటు ఇవ్వకండి, బటన్‌కి 24 వోల్టుల దీపం తగిలిస్తే సరిపోతుంది. అద్దాలు, గ్లవ్స్ మీరే ఇవ్వాలి. పరీక్ష పేరుతో ఆగిపోయిన మీ మెషీన్‌నే ఉచితంగా బాగుచేయించుకోవడం మాత్రం దొంగపని.

మార్కుల షీట్‌లో ‘నీట్‌గా చేశాడు’ లాంటి వరసలు ఉండకూడదు. ‘స్లీవ్ లోపలి రింగు మీద ఉందా’ లాంటి అవును–కాదు వరసలే ఉండాలి. ఇద్దరు చూడాలి, విడివిడిగా వేయాలి, మాట్లాడుకోవడం ఆ తర్వాతే. చూసేవాళ్లు తల ఊపడం కూడా తప్పే. తప్పు దారిలో పోతున్న అభ్యర్థి ఆ ఊపు చూసే వెనక్కి తిరుగుతాడు. సమయానికి మార్కులు వేయకండి, గడువు దాటితేనే లెక్కలోకి తీసుకోండి. పని మొదలెట్టే ముందు పనిముట్లు చేతపట్టి చూసుకోవడానికి అయిదు నిమిషాలివ్వండి. రెంచ్ మోడల్ కొత్తదైనంత మాత్రాన మెకానిక్ కొత్తవాడైపోడు.

పని పరీక్షలకి పరిశోధనలు ఇచ్చిన మార్కు కాలంతో తగ్గింది. 1998లో ష్మిట్, హంటర్ లెక్కల్లో ఉద్యోగంలో పనితీరుతో దీని సంబంధం 0.54 (సున్నా అంటే సంబంధం లేదు, ఒకటి అంటే పూర్తిగా ఉంది). 2022లో సాకెట్ బృందం మళ్లీ లెక్కగట్టి 0.33 అంది. అదే లెక్కలో ఒకే ప్రశ్నల పట్టీతో చేసే ఇంటర్వ్యూకి 0.42 వచ్చింది. కాబట్టి చేతిపని చూశాం కదా అని ఇంటర్వ్యూ ఎత్తేయకండి, రెండూ ఉంచండి.

సొంత సెట్ చెడిపోయేది అరుగుదల దగ్గర. ఎక్కించి దింపిన కొద్దీ షాఫ్ట్ అరిగి ఫిట్ వదులవుతుంది. మొదటి అభ్యర్థి చెమటోడ్చి ఎక్కించిన బేరింగ్ పదిహేనోవాడికి చేత్తో తోస్తే దిగిపోతుంది, మార్కులు మాత్రం ఇద్దరికీ ఒకే షీట్ మీద పడతాయి. ప్రతి అభ్యర్థికీ ముందు షాఫ్ట్ కొలవండి, 25.002 కన్నా దిగితే ముక్క మార్చేయండి. ఎం10 బోల్టులు, నట్లు మనిషికో కొత్త జత. పాత త్రెడ్‌కి నూనె అంటితే అదే 45కి బోల్టు ఎక్కువ సాగుతుంది. సైలెన్సర్‌ని మూసేందుకు లోపల పెట్టిన ప్లగ్ ఊడి వాల్వ్‌లోకి పోయిందేమో కూడా ఓసారి చూసుకోండి, లేకపోతే తర్వాతి అభ్యర్థి మీరు పెట్టని మూడో లోపంతో కుస్తీ పడుతుంటాడు.