పెళ్లి డీవీడీకి ఏ బిట్‌రేట్ మేలు: 8, 6, 4?

చెన్నైలో ఇంటి పెళ్లి వీడియోలను సొంతంగా ఎడిట్ చేసుకునే మన తెలుగువాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే: బిట్‌రేట్, అంటే ఒక్కో సెకను వీడియోకి వాడే డేటా, ఎన్ని మెగాబిట్లు పెట్టాలని. ఇక్కడివాళ్లకు పెన్‌డ్రైవ్ సరిపోతుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న పెద్దవాళ్లకు మాత్రం డిస్కే కావాలి, వాళ్లింట్లో ఉన్నది పాత ప్లేయర్. అందులో ఆగకుండా ఆడితేనే మన ఎన్‌కోడింగ్ (వీడియోని డిస్కుకి తగ్గట్టు కుదించడం) బాగున్నట్టు లెక్క.

డీవీడీలో వీడియోకి సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా వెళ్లొచ్చు, ఆడియోతో కలిపి 10.08. అది చూసి గంట వీడియోకి 9 పెట్టేస్తారు. చిక్కంతా అక్కడే. 1ఎక్స్ అనే మామూలు వేగంతో తిరిగే డిస్క్ నుంచి ప్లేయర్‌కి అందేదే 11.08 మెగాబిట్లు. పైగా ఇంట్లో రాసిన డిస్కుని చదవడం పాత లేజర్‌కి కష్టం. ఒకచోట అందక మళ్లీ చదవాల్సి వస్తే ఆ టైమ్ ఎక్కడి నుంచి తెస్తుంది? ముందే చదివి దాచుకున్న డేటా (బఫర్) ఖాళీ అయ్యి బొమ్మ ఆగిపోతుంది. అదీ సరిగ్గా తలంబ్రాల దగ్గర! ఎగిరే బియ్యం, ఫ్లాష్ వెలుగులు, పట్టుచీరల జరీ... ఎన్‌కోడర్ ఎక్కువ బిట్లు లాక్కునేది అలాంటి చోటే. సగటు 6 పెట్టినా, అక్కడ 9.5కి ఎగిరితే అదే గతి. అందుకే నేను సగటు కంటే ముందు గరిష్ఠం చూస్తాను: రెండు పాస్‌ల వీబీఆర్ (వీడియోని రెండుసార్లు చూసి, అవసరాన్ని బట్టి బిట్లు పంచే పద్ధతి), గరిష్ఠం 8. ఆడియోకి ఏసీ3 అనే కుదించిన ఫార్మాట్‌లో 192 కిలోబిట్లు చాలు. కుదించని పీసీఎం అయితే ఊరికే 1,536 తినేస్తుంది. కాపీలు పంచే ముందు, దొరికినంతలో పాత ప్లేయర్‌లో ఆ తలంబ్రాల భాగం ఒకసారి ఆడించి చూడండి.

ఇక సగటు. 4.7 జీబీ డిస్క్ అంటే 37,600 మెగాబిట్లు. గంటన్నరకు, అంటే 5,400 సెకన్లకు పంచితే 6.96 వస్తుంది. ఆడియో, కాస్త ఖాళీ తీసేస్తే 6 హాయిగా పడుతుంది. నా ఓటు దానికే. రెండు గంటలైతే 4.8 దగ్గర ఆగాలి. కెమెరా స్టాండ్ మీద ఉంటే అదీ బాగానే వస్తుంది. మూడు గంటలు కుక్కితే మిగిలేది 3 చిల్లర. హోమం పొగ, రంగు లైట్లు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. 4 కంటే కిందికి దిగే బదులు ముహూర్తం ఒక డిస్క్, రిసెప్షన్ ఒక డిస్క్ చేసేయండి. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డిస్కులు ఉన్నాయి కానీ, పాత ప్లేయర్లకు వాటిని పంపడం నాకు ఇష్టం ఉండదు.

 

పెన్‌డ్రైవ్‌కైతే 1080పీ, హెచ్.264 కుదింపు, ఎంపీ4 ఫైల్, 8 మెగాబిట్లు. దాని తర్వాత వచ్చిన హెచ్.265 జోలికి పోవద్దు, చాలా పాత టీవీలు దాన్ని ఆడించలేవు. ఎఫ్ఏటీ32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు కాబట్టి గంటకో ఫైల్‌గా విడగొట్టి ఇవ్వండి.