శుభలేఖలో పేర్లకు స్నెల్ రౌండ్‌హ్యాండా, జాఫినోనా?

శుభలేఖ ఇంగ్లిష్ వైపు వధూవరుల పేర్లకు ఒయ్యారమైన చేతిరాత ఫాంటు కావాలంటే, మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్)తోపాటే వచ్చేవాటిలో ఈ రెండున్నాయి. రెండూ అందమైనవే, కానీ వాటి పాళీలు వేరు, అవసరాలు వేరు.

స్నెల్ రౌండ్‌హ్యాండ్‌ను మాథ్యూ కార్టర్ 1966లో తీర్చారు. 17వ శతాబ్దం చివర లండన్‌లో దస్తూరి నేర్పిన చార్లెస్ స్నెల్ రాత దీనికి మూలం. పాత పద్ధతి అచ్చులో సీసపు దిమ్మెల మీద ఇంత ఏటవాలు అక్షరాలను అతికించడం చాలా కష్టం. అక్షరాలను ఫిల్మ్ మీదికి ఎక్కించే ఫొటో టైప్‌సెట్టింగ్‌తో ఆ ఇబ్బంది తీరింది. ఆ అతుకే దీని ప్రాణం. అందుకే ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా దగ్గరే ఉంచాలి. కాస్త పెంచినా ‘లక్ష్మి’ స్పెల్లింగులో ఎమ్‌కీ ఐకీ మధ్య సన్నగీత తెగి తెల్లసందు పడుతుంది. లావుగా కావాలంటే చుట్టూ స్ట్రోక్ (అంచు గీత) వేయకండి, అక్షరాల లోపలి సందులు పూడిపోతాయి. లావు రూపాలు బోల్డ్, బ్లాక్ విడిగా ఉన్నాయి. ముదురు అట్ట మీద ఫాయిల్ (మెరిసే రేకు) అచ్చుకైతే బోల్డే నయం. రెగ్యులర్‌లోని సన్నగీతలు చిన్న సైజులో ఎగిరిపోతాయి.

జాఫినో 1998లో వచ్చింది. రూపకర్త హెర్మన్ జాఫ్ 1944లో స్కెచ్‌బుక్కులో రాసుకున్న అక్షరాలు దానికి ఆధారం. ఇది వెడల్పు పాళీ రాత, ఒక్కో అక్షరానికి ఎన్నో రూపాలు. దాని పేరునే అందులో ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఏడక్షరాలూ కలిసి ఒకే లిగేచర్ (జోడించిన అక్షరరూపం) అయిపోతాయి, చూసి తీరాలి! చిక్కల్లా తోకలతోనే. ‘విజయ’ అని ఇంగ్లిష్‌లో కొడితే జె, వై తోకలు రెండూ కింది వరుసలోకి దూసుకుపోతాయి. స్నెల్‌కు 30 పాయింట్ల మీద 36 లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) సరిపోతే, జాఫినోకు 20 పాయింట్లకే 55–60 ఇవ్వాలి. కార్డులో అంత చోటు ఎక్కడిది?

కాబట్టి పొడుగు పేర్లు, రెండు వరుసలు ఉంటే స్నెల్‌దే పైచేయి. పొట్టి పేరు, ఒకే వరుస, చుట్టూ ధారాళంగా ఖాళీ ఉంటే జాఫినోకు సాటి లేదు.

మన పేర్లతో ఇంకో తంటా ఉంది: కె.వి.ఎస్.ఎన్. లాంటి ఇనిషియల్స్, పక్కన బి.టెక్., ఎం.ఎస్. వరసగా వచ్చే పెద్దక్షరాలు ఈ రెండు ఫాంట్లలోనూ ముడిపడ్డ దారంలా కనిపిస్తాయి. వాటిని గారమండ్ లాంటి మామూలు సెరిఫ్ (గీతల చివర చిన్న కొసలున్న) ఫాంటులో, పేరు సైజులో సగానికి పెట్టండి.

ప్రెస్సులో విండోస్ ఉంటే ఈ ఫాంట్లు ఉండకపోవచ్చు, వేరే అక్షరాలు పడతాయి. ఫైలు పంపేముందు అక్షరాలను ఔట్‌లైన్స్ (ఫాంటు అక్కర్లేని ఆకారాలు) చేయాలి. అదే స్నెల్ పేరును లేజర్ కటింగ్‌కు ఇస్తుంటే, ఔట్‌లైన్స్ చేశాక అక్షరాలన్నిటినీ యునైట్ చేయడం (ఒకే ఆకారంగా కలపడం) మరవకండి. లేదంటే ఒకదాని మీదికొకటి ఎక్కిన అతుకుల దగ్గర కూడా కోత పడి, పేరు అక్షరాలుగా విడిపోతుంది.